కాడిజ్ చూసొచ్చాం: చోటు లేని ఊళ్లో మూడు వేల ఏళ్లు

స్పెయిన్ అనగానే అందరూ బార్సిలోనా, మాడ్రిడ్ అంటారు. మేం వాటి జోలికి పోకుండా దక్షిణం కొసన, అట్లాంటిక్ ఒడ్డున ఉన్న కాడిజ్‌కి వెళ్లాం. పెద్ద కారణమేమీ లేదు. అమ్మ జర్మనీలో నా దగ్గరికి వచ్చింది, అక్టోబరు చలికే ముడుచుకుపోయి "ఎండా సముద్రమూ ఉన్న చోటికి ఎక్కడికైనా తీసుకెళ్లవే" అంది. మా అమ్మ కాకినాడ మనిషి, సముద్రం కనపడకపోతే ఊపిరాడదు. పైగా మోకాళ్ల నొప్పులు, కొండలెక్కించే ఊళ్లు కుదరవు. కాడిజ్ పాత ఊరు చదునుగా ఉంటుంది, ఈ చివర నుంచి ఆ చివరికి మెల్లగా నడిచిపోవచ్చు. అమ్మకున్నది జర్మనీ ఇచ్చిన షెంగెన్ వీసా, అదే స్పెయిన్‌కీ చెల్లుతుంది కాబట్టి కాగితాల టెన్షన్ లేదు. టికెట్లు కొనేశాను.

సెవిల్ దాకా విమానం, అక్కణ్ణుంచి రైల్లో గంటా నలభై నిమిషాలు. ప్రయాణం చివర్లో రెండు పక్కలా ఉప్పు మడులు, చిత్తడి నేలలు మొదలవుతాయి. ఆ తర్వాత నేల సన్నబడుతూ పోతుంది, ఒక దశలో అటూ ఇటూ నీళ్లే. రైలు ఊళ్లోకి వచ్చి ఆగాక ఇక ముందుకి పట్టాలు లేవు. స్టేషన్ బయటికి వచ్చి పెట్టెలు లాక్కుంటూ నడిస్తే చాలు, పాత ఊళ్లో ఉంటాం.

ఈ ఊరు అర్థం కావాలంటే ముందు దాని ఆకారం మనసులో పెట్టుకోవాలి. సముద్రంలోకి పొడుచుకొచ్చిన సన్నటి నేల, దాని కొసన పాత ఊరు. నేల వైపు నుంచి శత్రువు రాకుండా అడ్డంగా కట్టిన పెద్ద గోడ, దాని ద్వారం పేరు పుయెర్తాస్ దె తియెర్రా. మిగతా వైపులన్నీ నీళ్లే. ఊరు పెరగడానికి చోటు లేదు. మూడు వేల ఏళ్లుగా జనం అదే నేల మీద ఉంటున్నారు కాబట్టి కొత్తది కట్టాలంటే పాతదాని మీదే కట్టాలి. అందుకే ఇక్కడ చూడాల్సినవి చాలా వరకు ఇంకేదో పని మీద తవ్వుతుంటే బయటపడ్డవే. ఈ ముక్క ముందే తెలిస్తే ఊరంతా ఒక్క దారానికి గుచ్చినట్టు కనిపిస్తుంది. తెలియకపోతే నాలుగు చర్చిలు, రెండు కోటలు, ఒక బీచ్ చూసి వచ్చేస్తాం.

నేను ముందు టోర్రె తవీరా అనే బురుజు పెట్టాను. పైనుంచి ఒకసారి చూస్తే తర్వాత దారి తప్పమని. 1717లో స్పెయిన్ రాజు అమెరికా వర్తకం చూసే కార్యాలయాన్ని సెవిల్ నుంచి ఇక్కడికి మార్చాడు. దాంతో ఓడలన్నీ ఈ రేవుకే రావడం మొదలైంది. తమ ఓడ ఎప్పుడొస్తుందో ముందే కనిపెట్టాలని వర్తకులు ఇళ్ల మీద బురుజులు లేపారు. ఇప్పటికీ వందకు పైగా నిలిచి ఉన్నాయి. అన్నిటిలో ఎత్తైన తవీరాని 1778లో రేవుకి అధికారిక కాపలా బురుజుగా చేశారు. మొదటి కాపలాదారు ఇంటిపేరే దానికి మిగిలిపోయింది.

170కి పైగా మెట్లున్నాయి, లిఫ్ట్ నమ్ముకోకండి. మధ్యలో రెండు అంతస్తుల్లో చిన్న ప్రదర్శనలు ఉంటాయి. అమ్మ అక్కడ బొమ్మలు చూస్తున్నట్టు నటిస్తూ కాళ్లు సర్దుకుంది. పైన కెమెరా అబ్‌స్క్యూరా గది ఉంది. టికెట్‌తో పాటే దానికి సమయం ఇస్తారు, ఒక్కో బృందాన్ని లోపలికి పంపి తలుపు మూసేస్తారు. చీకట్లో మధ్యన తెల్లటి గుండ్రటి పళ్లెం ఉంటుంది, కాస్త లోతుగా. పైకప్పులో అద్దం, కటకం. గైడ్ తాడు లాగి అద్దాన్ని తిప్పుతుంటే ఆ పళ్లెంలోకి ఊరు వచ్చి పడుతుంది. బొమ్మ అనుకుంటాం, కానీ అది ఆ క్షణంలో బయట జరుగుతున్నదే. ఎవరి డాబా మీదో ఆరేసిన దుప్పటి గాలికి ఎగురుతోంది. ఒకావిడ వచ్చి దాన్ని తీసి మడతపెట్టింది. ఒక సముద్రపు కొంగ పళ్లెం ఈ అంచు నుంచి ఆ అంచుకి దాటిపోయింది. అమ్మ నా చెవిలో "పాపం ఆవిడకి మనం చూస్తున్నట్టు తెలీదే" అంది. కరెంటు అవసరం లేని ఈ యంత్రం ముందు నా ఫోన్లో తీసిన వీడియోలు నిజంగానే తేలిపోయాయి. కాడిజ్‌లో ఒక్క టికెట్టే కొనగలిగితే దీనికే కొంటాను.

పైనుంచి చూస్తే డాబాలన్నీ తెల్లగా, చదునుగా, ఒకదాన్నొకటి అంటుకుని ఉంటాయి. వీధులు కనపడవు. అంత ఇరుకు.

ఆ వీధుల్లో నడుస్తున్నప్పుడు రెండు సంగతులు గమనించండి. ఒకటి, మూలమలుపుల దగ్గర ఇంటి గోడకి ఆనించి నిలువుగా పాతిన ఇనుప ఫిరంగి గొట్టాలు. బళ్ల చక్రాలు తిరిగేటప్పుడు గోడ మూల ఒరుసుకుపోకుండా పనికిరాని ఫిరంగులని అలా పాతేశారు. రెండోది గోడల్లోని రాయి. సున్నం రాలిన చోట వేలు పెట్టి చూడండి, రాయి నిండా ఆల్చిప్పలు, గవ్వ ముక్కలు గుచ్చుకుంటాయి. పియెద్రా ఒస్తియొనేరా అంటారు, సముద్రపు అడుగున గుల్లలూ ఇసుకా గట్టిపడి అయిన రాయి. కోట గోడల నుంచి మామూలు ఇళ్ల దాకా అదే. అమ్మ ఒక గోడ దగ్గర ఆగి గోటితో గీకి, సగం బయటికి వచ్చిన ఒక చిప్పని చూపించింది. "ఈ గోడకి నీళ్ల వాసన పోదే" అంది. ఆ మాటలో నిజముంది, ఉప్పుగాలి ఆ రాయిని తింటూనే ఉంది.

అది బాగా తెలిసేది కెథీడ్రల్లో. 1722లో మొదలుపెడితే 1838 దాకా కట్టారు, 116 ఏళ్లు. అమెరికా డబ్బు మీద మొదలైంది, మధ్యలో డబ్బు అయిపోయింది. కింద పాలరాయి, పైకి పోయేకొద్దీ చవక రాయి, ఆ తేడా మామూలు కంటికే తెలుస్తుంది. మొదటి వాస్తుశిల్పి అలంకారాలు దట్టించే బరోక్ పద్ధతిలో గీశాడు, ముగించినవాళ్ల నాటికి అభిరుచి మారి పాత గ్రీకు, రోమన్ కట్టడాల్ని పోలిన సాదా నియోక్లాసికల్ అయింది. మేం వెళ్లినప్పుడు లోపల తలెత్తితే కప్పు కింద వలలు కట్టి ఉన్నాయి. ఉప్పుకి రాయి పెచ్చులూడి జనం నెత్తిన పడకుండా. పోస్టుకార్డుల్లో కనిపించే పసుపు గుమ్మటం బయటినుంచి, కాంపో దెల్ సుర్ అనే సముద్రపు గట్టు రోడ్డు మీద నుంచి చూడ్డానికే బాగుంటుంది. లోపల నాకు నచ్చింది నేలమాళిగ. సముద్రమట్టానికి దిగువన ఉంటుంది, కప్పు దాదాపు చదునుగా, మధ్యలో స్తంభం లేకుండా. గట్టిగా ఒక్క చప్పట్లు కొడితే అది గది అంతా తిరుగుతుంది. సంగీతకారుడు మనుయెల్ దె ఫయ్యా సమాధి అక్కడే ఉంది. ఆయన 1946లో అర్జెంటీనాలో పోతే ఇక్కడికి తెచ్చి సొంత ఊళ్లో పెట్టారు.

అదే టికెట్‌తో గడియారం బురుజు కూడా ఎక్కనిస్తారు. అక్కడ మెట్లు కాదు, ఏటవాలు దారి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి తవీరా కన్నా ఇదే నయం. అమ్మ గట్టిగా గాలి పీల్చుకుంటూ పైదాకా వచ్చి, నాకన్నా ముందు ఫోటోకి నిలబడింది.

కెథీడ్రల్ వెనకే ఎల్ పోపులో అనే పేట. మధ్యయుగాల నాటి ఊరు ఇంతే, మూడు కమానుల మధ్య. 1980లో అక్కడ పాత కోట ఆనవాళ్ల కోసం తవ్వుతుంటే కోటకి బదులు రోమన్ థియేటర్ తగిలింది. క్రీ.పూ. 1వ శతాబ్దం, పదివేల మంది దాకా పట్టేది. కట్టించింది ఈ ఊరి బాల్బుస్ కుటుంబం, జూలియస్ సీజర్‌కి కావలసినవాళ్లు. ప్రవేశం ఉచితం. ముందు సందర్శకుల కేంద్రంలోంచి వెళ్తాం, ఆ తర్వాత కూర్చునే మెట్ల కింద వంపుగా తిరిగే కమాను దారిలోకి దిగుతాం. రెండు వేల ఏళ్ల కింద నాటకానికొచ్చినవాళ్లు తమ వరస వెతుక్కుంటూ నడిచిన దారి అదే. బయటికొస్తే మెట్ల వరసలు, వాటి ఎదురుగా వేదిక ఉండాల్సిన చోట ఇళ్లు. ఆ ఇళ్ల కింద మిగతా థియేటర్ ఇంకా పూడుకునే ఉంది. పైన కిటికీలో ఎవరిదో రేడియో మోగుతోంది. తవ్వాలంటే ఇళ్లు కూల్చాలి. కూల్చి ఎక్కడ పెడతారు, చోటేదీ?

ఇంకా కిందికి దిగాలంటే గదిర్ (ఫినీషియన్లు ఈ ఊరికి పెట్టిన పేరు) తవ్వకాల స్థలం ఉంది. బొమ్మలాటల థియేటర్‌ని తిరిగి కట్టబోయి పునాదులు తవ్వితే ఫినీషియన్ల ఇళ్లు కనిపించాయి. థియేటర్ పైన కట్టారు, కింద తవ్వకం అలాగే ఉంచి 2014లో జనానికి తెరిచారు. ఇదీ ఉచితమే, కానీ సమయాల ప్రకారం బృందాలుగా పంపుతారు, ముందే పేరు రాయించుకోవాలి. వీధి మట్టం నుంచి దాదాపు 9 మీటర్లు దిగుతాం. టైర్ నగరం, అంటే ఇప్పటి లెబనాన్ తీరం నుంచి ఓడల మీద వచ్చిన ఈ ఫినీషియన్లు క్రీ.పూ. 1100 ప్రాంతంలో ఈ ఊరు పెట్టారని పాత రచయితలు రాశారు. తవ్వకాల్లో దొరికినవి క్రీ.పూ. 9వ శతాబ్దం దాకా వెళ్తాయి. మట్టి గోడలు, రెండు వీధులు, రొట్టెలు కాల్చుకునే మట్టి పొయ్యిలు. ఒక అగ్నిప్రమాదంలో చనిపోయిన మనిషి అస్థిపంజరం. గైడ్ స్పానిష్‌లో చెబుతుంటే నేను అరకొరగా అమ్మకి చెప్పాను. ఆ పొయ్యి దగ్గర మాత్రం నన్ను ఆపింది. "చెప్పక్కర్లేదులే, పొయ్యి తెలీదా నాకు" అంది.

ఫినీషియన్ల అసలు ఆస్తి ప్లాసా దె మీనా చౌకులోని కాడిజ్ మ్యూజియంలో ఉంది. యూరోపియన్ యూనియన్ పౌరులకి ఉచితం, మాలాంటివాళ్లకి 1.50 యూరోలు. ఆ డబ్బుకి నేను చూసిన మంచి మ్యూజియాల్లో ఇదొకటి. మగమనిషి ఆకారంలో ఒకటి, ఆడమనిషి ఆకారంలో ఒకటి, రెండు పాలరాతి శవపేటికలు పక్కపక్కనే పడుకుని ఉంటాయి. మనిషి ఎత్తున, ముఖం చెక్కి, పాదాలు బయటికి కనిపించేలా. క్రీ.పూ. 5వ శతాబ్దపువి. ఈజిప్టు మమ్మీ పెట్టె ఆకారం, గ్రీకు ముఖం, లోపల పడుకున్నది ఫినీషియన్. గడ్డమాయన 1887లో నౌకా ప్రదర్శనకి నేల చదును చేస్తుంటే దొరికాడు. ఆ తర్వాత మ్యూజియం అధిపతిగా చేసిన పురావస్తు శాస్త్రవేత్త పెలాయో కింతేరో, ఇలాంటి ఆడమనిషి పేటిక కూడా ఇక్కడే ఎక్కడో ఉంటుందని జీవితమంతా వెతికాడట. దొరకలేదు, ఆయన పోయాడు. 1980లో ఒక ఇంటి స్థలంలో పునాదులు తవ్వుతుంటే ఆమె బయటపడింది. అది ఒకప్పుడు కింతేరో గారు నివసించిన ఇంటి చోటేనని ఊరంతా చెప్పుకుంటారు.

అమ్మ వాళ్లిద్దరి దగ్గర చాలాసేపు నిలబడింది. పేటిక మీది ఆడమనిషి చేతిలో అత్తరు బుడ్డి ఉంది, గోళ్లు కూడా చెక్కారు. జుట్టు చిన్న చిన్న ముడులుగా. "వీళ్లిద్దరూ మొగుడూ పెళ్లాలా?" అని అడిగింది. కాదమ్మా, కొన్ని దశాబ్దాల తేడా ఉంది, వేర్వేరు చోట్ల దొరికారు అన్నాను. "మరి పక్కపక్కన ఎందుకు పెట్టారు?" దానికి నా దగ్గర జవాబు లేదు. పై అంతస్తులో స్పానిష్ చిత్రకారుడు జుర్బరాన్ వేసిన సన్యాసుల బొమ్మలున్నాయి, బాగుంటాయి, కానీ కింద చూశాక మనసు పైకి రాదు.

టైమింగుల గురించి ఇక్కడే చెప్పేస్తాను. సోమవారం చాలావరకు మూతే. మార్కెట్లో చేపల బల్లలు కూడా సోమవారం ఖాళీ, ఆదివారం పడవలు వేటకి పోవు కాబట్టి. మధ్యాహ్నం రెండు దాటితే చిన్న చర్చిలు, దుకాణాలు మూసేస్తారు, మళ్లీ ఐదింటికి. ఊరు రేవుకి ఆనుకునే ఉంటుంది కాబట్టి పెద్ద క్రూయిజ్ ఓడ వచ్చిన పొద్దున కెథీడ్రల్ చుట్టూ జాతరే. రేవు వైపు తొంగి చూసి, ఓడ కనపడితే మేం మ్యూజియం వైపు పోయేవాళ్లం. భోజనం మధ్యాహ్నం రెండుకి, రాత్రి ఎనిమిదిన్నర దాటాక. పన్నెండున్నరకల్లా కంచం ముందు కూర్చునే అమ్మకి ఇది మూడు వేల ఏళ్ల చరిత్ర కన్నా పెద్ద సమస్య అయింది.

దానికి మందు సెంట్రల్ మార్కెట్. 1838 నాటి కట్టడం, చుట్టూ రాతి స్తంభాలు, మధ్యలో చేపలు, అంచుల్లో తిండి దుకాణాలు. పొద్దున్నే తినొచ్చు. ట్యూనా ఇక్కడ రాజు. వసంతంలో జిబ్రాల్టర్ జలసంధి గుండా మధ్యధరా సముద్రంలోకి పోయే చేపలకి ఒడ్డున అల్మాద్రాబా వలలు పన్ని పట్టడం ఈ తీరంలో పురాతనమైన పని. అమ్మ బల్లల మధ్య చేతులు వెనక్కి కట్టుకుని తిరిగింది. మొప్ప ఎత్తి చూపించమని సైగ చేసింది, అమ్మేవాడు నవ్వి చూపించాడు, ఆవిడ తల ఊపింది. ఒక్క మాట కలవలేదు, ఇద్దరికీ అన్నీ అర్థమయ్యాయి. కొనలేదు. హోటల్ గదిలో ఎక్కడ వండుతాం?

తోర్తియ్యీతాస్ దె కమరోనెస్ మాత్రం తప్పకుండా తినాలి. గోధుమపిండి, శనగపిండి జారుగా కలిపి, తొక్కతో సహా చిట్టి రొయ్యలు, ఉల్లికాడలు వేసి నూనెలో పలచగా పరిచి కరకరలాడేలా వేయిస్తారు. అమ్మ మొదటి ముక్క కొరికి "రొయ్యపొట్టుతో పకోడీ పిండి అట్టు పోశారు" అని తేల్చేసింది. కారం లేదన్న లోటు తప్ప వంక పెట్టలేదు. చేపలు తిననివాళ్లకి పాపాస్ అలిన్యాస్ ఉంది, ఉడికిన బంగాళదుంపల్లో ఉల్లి, ఆలివ్ నూనె, షెర్రీ వెనిగర్. మీద ట్యూనా వేస్తారు, వద్దని ముందే చెప్పాలి. పాలకూర, శనగలు కలిపి వండిన కూర కూడా దొరుకుతుంది. ఒక రెస్టారెంట్‌లో మేం అడక్కుండానే రొట్టె ముక్కలు తెచ్చి పెట్టి బిల్లులో మనిషికింత వేశారు. అక్కడ అది మామూలే, అక్కర్లేకపోతే రాగానే వెనక్కి పంపెయ్యాలి.

సాన్ ఫెలీపె నేరి చర్చి గురించి కొంచెం. 1810 నుంచి రెండేళ్లకు పైగా నెపోలియన్ సైన్యం ఈ ఊరిని ముట్టడించింది, సన్నటి నేల దాటి లోపలికి రాలేకపోయింది. స్పెయిన్ దాదాపు అంతా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉంటే, ప్రతినిధులు ఇక్కడ చేరి ఈ కోలగా ఉన్న చర్చిలో కూర్చుని దేశానికి మొదటి రాజ్యాంగం రాసుకున్నారు. 1812 మార్చి 19న ప్రకటించారు. సెయింట్ జోసెఫ్ పండగ రోజు కాబట్టి జనం దాన్ని ముద్దుగా లా పెపా అన్నారు (స్పానిష్‌లో జోసెఫ్‌ని ముద్దుగా పెపె అంటారు). అధికారం జాతిది, రాజుది కాదు అని అందులో రాశారు. లాటిన్ అమెరికా నుంచి, ఫిలిప్పీన్స్ నుంచి కూడా ప్రతినిధులున్నారు. చర్చి బయటి గోడ నిండా వాళ్ల జ్ఞాపకార్థం పెట్టిన ఫలకాలు. రెండేళ్లకే రాజు తిరిగొచ్చి దాన్ని రద్దు చేశాడు.

సాయంత్రాలన్నీ లా కలేతా బీచ్‌కే. ఊరికి పడమటి కొసన, రెండు కోటల మధ్య అర్ధచంద్రాకారంలో చిన్న ఇసుక తిన్నె. కుడివైపు సాంతా కాతలీనా కోట, 1596లో ఇంగ్లీషు, డచ్చి ఓడలు వచ్చి ఊరిని దోచి తగలబెట్టాక కట్టింది. నక్షత్రం ఆకారం, ఉచితం, లోపల ప్రదర్శనలు పెడుతుంటారు. ఎడమవైపు సముద్రంలోకి సాగిన రాతి కట్ట చివర సాన్ సెబాస్తియాన్ కోట. మేం వెళ్లినప్పుడు లోపలికి వెళ్లనివ్వలేదు, కానీ కట్ట మీద నడకే చాలు. ఒక సాయంత్రం లెవాంతె వీచింది. తూర్పు నుంచి వచ్చే పొడిగాలి, ఆ గాలికి మనుషులకి పిచ్చెక్కుతుందని స్థానికులు అంటారు. అమ్మ చీర కొంగు నడుముకి చుట్టుకుని "మన తుఫాను గాలి ముందు ఇదెంత" అంది గానీ కట్ట మధ్యలోంచే వెనక్కి తిరిగింది. బీచ్ దగ్గర 1903 ప్రాంతంలో నాటిన రెండు పెద్ద చెట్లున్నాయి, మన మర్రి జాతివే, ఆస్ట్రేలియా రకం. నీడ కింద పదిమంది పేకాడుకోవచ్చు.

లా కలేతా వెనక లా వీన్యా, ఒకప్పటి జాలర్ల పేట. ఫిబ్రవరి కార్నివాల్‌లో నాయకుల్ని ఏకిపారేసే పాటల బృందాలకి పేరుపడ్డ చోటు. అక్కడ లా పాల్మా వీధి గోడ మీద ఒక ఫలకం ఉంది. 1755 నవంబరు 1న లిస్బన్ భూకంపం వచ్చినప్పుడు సునామీ ఈ వీధిలోకి ఎక్కింది. మేరీమాత జెండా పట్టుకుని పూజారి ఎదురెళితే నీళ్లు ఇక్కడ ఆగాయని ఊరి నమ్మకం. అదే రోజు గవర్నరు నేల వైపు ద్వారం మూయించాడు. జనం కోపగించుకున్నారు, కానీ భయపడి సన్నటి నేల మీదుగా పారిపోబోయినవాళ్లనే కెరటం లాక్కుపోయింది. లోపల ఉన్నవాళ్లు బతికారు. అమ్మ ఆ ఫలకం దగ్గర నిలబడి బీచ్ వైపు చూసి దూరం కొలిచింది. 96 తుఫానప్పుడు మా వీధిలో నీళ్లు ఏ గడప దాకా వచ్చాయో, ఎవరి డాబా మీద ఎవరెవరు పడుకున్నారో పేర్లతో సహా చెప్పుకొచ్చింది. అప్పటిదాకా నాకు తెలియని పేర్లు కొన్ని ఉన్నాయి. ఆ వీధిలోనే కుర్చీలు వేసి చేపలు వేయించి పెడుతున్నారు, అక్కడే కూర్చుని మిగతాది విన్నాను.

సాంతా క్యూవా అనే ప్రార్థనామందిరం చూడలేకపోయాం, మేం వెళ్లిన పూట మూసి ఉంది. స్పానిష్ చిత్రకారుడు గోయా వేసిన మూడు బొమ్మలున్నాయి అందులో, క్రీస్తు చివరి భోజనం బొమ్మలో శిష్యులు బల్ల ముందు కాకుండా నేల మీద ఒరిగి ఉంటారు. దానికోసం మళ్లీ వెళ్లాలని నాకుంది.

తిరుగు ప్రయాణానికి ఒక మాట. వచ్చిన దారినే రైలెక్కకుండా రేవులో కాటమరాన్ పడవెక్కి ఎల్ పుయెర్తో దె సాంతా మరీయాకి వెళ్లండి. అరగంట, స్థానికులు ఆఫీసులకి వాడే పడవే, టికెట్ చవక. నీళ్ల మీదనుంచి బురుజులన్నీ ఒకేసారి కనిపిస్తాయి. 2015లో తెరిచిన పెద్ద వంతెన కూడా. దిగాక అక్కడి స్టేషన్లోనే సెవిల్ రైలు ఎక్కొచ్చు. పడవలో లోపలి సీట్లు తీసుకోండి, బయట కూర్చుంటే తడిసిపోతారు. అమ్మ బయటే కూర్చుంది.